బిగించని మెడపట్టీ

నా ఇఖామాలో, అంటే సౌదీలో ఉండి పని చేసుకోవడానికి ఇచ్చిన కార్డులో, హౌస్ డ్రైవర్ అని ఉంది. కుక్కల గురించి ఒక్క ముక్క కూడా లేదు. ఈ సంగతి నన్ను పనిలో పెట్టుకున్న మా కఫీల్‌కు చెప్పాను, ఇంట్లో వంట చేసే ఆవిడకు చెప్పాను, రాయచోటిలో ఉన్న మా ఆవిడకు ఫోనులో చెప్పాను. శుక్రవారం నమాజు తర్వాత కలిసే మావాళ్లకు ఎన్నిసార్లు చెప్పానంటే, ఇప్పుడు నేను నోరు తెరిస్తేనే వాళ్లు చెప్పులు వెతుక్కుంటారు. ఎవరూ పట్టించుకోకపోయినా నేను చెప్పడం మానలేదు. నాది ఆ రకం.

మాది అల్ ఖోబర్‌లో, అల్ అజీజియాలో ఒక సౌదీ ఇల్లు. కఫీల్ జుబైల్ ఫ్యాక్టరీలో ఇంజనీరు. వారాంతం వస్తే ఇల్లంతా కదిలి జుబైల్ దాటాక ఎడారిలో ఉన్న ఇస్తిరాహాకు పోతుంది. ఇస్తిరాహా అంటే ప్రహరీ కట్టిన జాగా. అందులో రెండు గదులు, ఒక డేరా, నీళ్ల ట్యాంకు, వెనకవైపు వేటకుక్కల కొట్టం. అవి సలూకీలు. సన్నటి తల, పొడుగాటి మెడ, గాలికి ఎగిరిపోతాయేమో అనిపించే నడుము. కుందేలు కనబడితే మాత్రం మన కంటికి అందకుండా పోతాయి. వాటిని సాకింది కఫీల్ తండ్రి. ఆయన్ను ఇంట్లో పనివాళ్లమంతా బాబా కబీర్ అంటాం. ఎనభై దాటిన మనిషి. మోకాళ్లు పోయాయి, చూపు మందగించింది. గొంతు మాత్రం ఏమీ తగ్గలేదు.

ఆ గొంతుతోనే నాకు తగువు. నేను చేరిన మొదటి చలికాలం, ఒక సలూకి వచ్చి నా చేతిని నాకింది. కుక్క నాలుక తగిలిన గిన్నెను మా ఇంట్లో ఏడుసార్లు కడుగుతారు, అందులో ఒకసారి మట్టితో. చేతికి అంత అక్కర్లేదని తెలిసినవాళ్లు అంటారు గానీ మా నాయన చేతికీ అలాగే చేసేవాడు, నేనూ అలాగే పెరిగాను. ట్యాంకు దగ్గరికి పోయి ఇసుక రుద్ది కడుక్కుంటున్నాను. డేరాలో అతిథులున్నారు. బాబా కబీర్ అక్కడినుంచే గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "వాహిద్... ఇత్నేన్... తలాతా..." ప్రతి అంకెకూ అతిథులు నవ్వారు. ఏడు అయ్యాక, "ఇంకొక్కసారి కడుక్కోరా అబ్బాయీ, మా తరఫున. మేం దానితో కలిసి తింటాం కదా!" అన్నాడు. ఒకాయన నవ్వి నవ్వి కాఫీ ఒలకబోసుకున్నాడు. తరువాత ఆయనే నాకు చెప్పాడు, అది కుక్క కాదట, సలూకి అట. వాళ్ల దగ్గర సలూకిని కుక్క అంటే తిట్టినట్టు. డేరాలోకి రావచ్చు, దుప్పటి మీద పడుకోవచ్చు.

ఆ రోజునుంచి నేను కుక్కలను ఉత్త చేత్తో ముట్టుకోలేదు. మోటారు పనికి వాడే మందం గ్లౌజులు కొన్నాను. నీళ్లు పెట్టాలన్నా, గొలుసు విప్పాలన్నా గ్లౌజులే. నా పట్టుదల ఆయనకు కనబడాలనే వాటిని ఎప్పుడూ నడుముకు వేలాడదీసుకునేవాణ్ని. ఆయనకు కనబడలేదు. కనబడినా ఏమీ అనలేదు. అదీ నాకు కోపమే.

పోయిన ఏడాది పెద్ద ఆడ సలూకి కుందేలు వెంటబడి హైవే ఎక్కింది. ట్రైలర్ కింద పడింది. దాని పిల్ల ఒకటి మిగిలింది. గోధుమరంగుది. పుట్టిన కొత్తలో బాబా కబీర్ దాన్ని తన కోటులో దోపుకుని తిరిగేవాడు. అది పెరిగి, చలికాలానికి పరుగు అందుకుంది. అచ్చం తల్లిలాగే, తారు రోడ్డు ఎటుంటే అటే పోయేది. కేక వేస్తే వినేది కాదు.

కఫీల్ చూసి చూసి ఒకరోజు తండ్రితో అన్నాడు. నేను కాఫీ అందిస్తూ పక్కనే ఉన్నాను. "నాన్నా, ఇంకొకటి రోడ్డు మీద చావడం నేను చూడలేను. వేట కాలం మొదలయ్యేలోపు ఇది పిలిస్తే తిరగాలి. తిరగకపోతే లోపలి ఎడారిలో ఒంటెలు మేపేవాడికి ఇచ్చేస్తాను. అక్కడ రోడ్లు లేవు. ప్రాణంతోనైనా ఉంటుంది."

"ఇస్తే నేను మళ్లీ దాన్ని చూస్తానా?" అని అడిగాడు బాబా కబీర్.

కఫీల్ ఖాళీ కప్పు నా చేతికిచ్చాడు. ఆ వయసులో, ఆ మోకాళ్లతో, రోడ్డు లేని ఎడారిలోకి ఆయన పోలేడని ముగ్గురికీ తెలుసు.

అప్పుడు తెప్పించారు కరెంటు మెడపట్టీ. ఒక రిమోటు, ఒక పట్టీ. పట్టీకి చిన్న డబ్బా, డబ్బాకు లోపలివైపు రెండు స్టీలు మొనలు. రిమోటులో బటన్ నొక్కితే ఆ మొనలు తాకినచోట చురుక్కుమంటుంది. నంబరు పెంచితే చురుకు పెరుగుతుంది. వట్టి అదురు కోసం వేరే బటన్ ఉంది. పిలిచినప్పుడు తిరగకపోతే చిన్న చురుకు, తిరిగితే మెచ్చుకోలు. కొన్నాళ్లకు చురుకు అక్కర్లేకుండా పిలుపే చాలాలి. కఫీల్ ఇదంతా నాకు ఒకసారి చెప్పి, వారం మధ్యలో కూడా నేను పోయి నేర్పాలని పురమాయించాడు. ఇఖామాలో లేని పని అని మళ్లీ చెప్పాను. "నువ్వు మెషీన్లు బాగా చూస్తావు కదా, సవ్వాగ్" అన్నాడు. సవ్వాగ్ అంటే డ్రైవర్. పొగడ్తో వెక్కిరింపో తేలక ఒప్పుకున్నాను.

సాయంత్రాలు బండి తీసుకుపోయి, గ్లౌజులతో పట్టీ కట్టి, కుక్కను వదిలి, నేను బండిలో కూర్చునేవాణ్ని. అద్దం దించి పిలవడం, రాకపోతే బటన్ నొక్కడం. అది చెవి కూడా ఆడించేది కాదు. నంబరు పెంచేవాణ్ని. మళ్లీ పెంచేవాణ్ని. ఏమీ లేదు. ఒక్కోసారి ఉన్నట్టుండి గావుకేక పెట్టి గాల్లోకి ఎగిరేది. అది నేను పిలిచినప్పుడు కాదు, నాకేసి పరుగెత్తుకొస్తున్నప్పుడు. అప్పటికి బటన్ మీద నా వేలు ఇంకా ఉండేది. పిచ్చిదేమో అనుకున్నాను.

పెట్టెలో ఒక చిన్న బల్బు ఇచ్చారు. దాన్ని రెండు మొనలకూ ఆనించి బటన్ నొక్కితే వెలగాలి. వెలిగింది. ఒకసారి వెలిగి ఒకసారి వెలగకపోతే లోపల వైరు లూజు అనుకోవచ్చు. ఇది ప్రతిసారీ వెలిగింది. బ్యాటరీ నిండుగా ఉంది. అయినా సరే, నేను దాన్ని కొన్న దుకాణానికి పోయాను. అది ఖోబర్‌లోనే. పట్టీ చెడ్డదని గొడవపెట్టుకున్నాను. అక్కడి కుర్చీలో ఒక పాకిస్తానీ ఆయన ఉన్నాడు. మర్యాదగానే ఉర్దూలో అడిగాడు. "భాయీ, పట్టీ ఎంత బిగించి కడుతున్నారు? ఒక వేలు కష్టంగా దూరేటంత ఉండాలి."

నాకు మండిపోయింది. "నేను బండ్ల ఇంజన్లు దించినవాణ్ని. నాకు బెల్టు కట్టడం నేర్పుతావా?" అన్నాను.

"గుస్సా కాకండి. అందరినీ ఇదే అడుగుతాం."

అందరితో నన్ను కలపడం ఇంకో అవమానం. పట్టీ మార్చి ఇచ్చేదాకా నేను అక్కడినుంచి కదల్లేదు. బయటికొచ్చి ఫోనులో దుకాణానికి ఒక్క స్టారు ఇచ్చి, వీళ్లకు మర్యాద తెలీదని నాలుగు వాక్యాలు రాశాను. ఆయన అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు చూసుకోలేదు.

కొత్త పట్టీ కూడా అంతే. ఆ వారమంతా ఇంట్లో నా గోలే. వంటావిడది కోనసీమ. ఇస్తిరాహాకు వచ్చినప్పుడు మిగిలిన మాంసం ముక్కలు ఆ సలూకికి ఆవిడే పెట్టేది. గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ నా మాటలన్నీ విని అంది.

"ఏంటన్నయ్యా, మెషీను మంచిదంటారు, మీరు మంచోరంటారు. మరి చెడ్డదెవరండీ? నోరులేని దాని మీదికి తోసేత్తన్నారా?"

"నోరు లేదా? అది అరిస్తే హైవే దాకా వినపడతాది. దానికి తలబిరుసు. ఆ ముసలాయన గారాబం చేసి చెడగొట్టినాడు."

"ఆయ్, గారాబం చేత్తే చెడిపోతారు కామోసు. మిమ్మల్ని ఎవరూ చెయ్యలేదు, ఎంత బాగున్నారో!" అని మూతి తిప్పుకుని ఉల్లిపాయల వైపు తిరిగింది.

మా ఆవిడ ఫోనులో ఇంకా ఘోరం. "మడుసులైపోయినారు, ఇంగ కుక్కతో గూడా పంచాయితీ పెట్టినావా? వాళ్ల తప్పులన్నీ చెప్తాండావు, నువ్వేం చేస్తాండావో ఒక్కరోజైనా చెప్పినావా?" ఆ మాటకు రెండు రోజులు ఫోను చేయలేదు.

కఫీల్‌కు మాత్రం నివేదిక స్పష్టంగా ఇచ్చాను. మెషీను బాగుంది, బల్బు వెలుగుతోంది, రేంజి బాగుంది, లోపం జంతువులోనే ఉంది. ఒంటెలవాడికి ఇవ్వడమే మేలు అనే మాట నేనుగా అనలేదు గానీ, దాని అంచుదాకా పోయి ఆగాను. అలా ఆగినప్పుడు ముసలాయన ముఖం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. అందులో నాకు ఒక సుఖం ఉండింది. దాన్ని మరోలా చెప్పలేను.

కఫీల్ ఒంటెలవాడికి ఫోను చేశాడు. వచ్చే వారం వచ్చి తీసుకుపొమ్మన్నాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం దాటాక చేసే అసర్ నమాజు అయ్యాక బాబా కబీర్ డేరా ముందు చాప వేయించుకుని కూర్చున్నాడు. కఫీల్ లోపల నిద్రపోతున్నాడు. నేను ఆఖరిసారి ప్రయత్నిద్దామని కుక్కకు పట్టీ కట్టి తెస్తున్నాను. ముసలాయన పిలిచాడు. నన్ను కాదు, దాన్ని. అది పోయి ఆయన ఒళ్లో తల పెట్టింది. ఆయన కళ్లు మూసుకుని దాని మెడను తడిమాడు. దవడ కిందినుంచి మొదలుపెట్టి మెల్లగా కిందికి, తరువాత పక్కకు. ఒకచోట చెయ్యి ఆగింది. కుక్క మూలిగింది.

"ఇటు రా" అన్నాడు నన్ను.

వెళ్లి నిలబడ్డాను.

"కూర్చో. చెయ్యి ఇవ్వు."

చెయ్యి చాపాను. ఆయన గ్లౌజు కొసను పట్టుకుని లాగేశాడు. పసివాడి చేతికున్న తొడుగు లాగినట్టు లాగాడు. నా ఉత్త చేతిని తీసుకుని పట్టీ కిందికి దూర్చాడు. ఒక వేలు కాదు, నా నాలుగు వేళ్లూ పోయాయి. ఆ వెనక అరచెయ్యి కూడా సగం పోయింది. పట్టీ ఆ సన్నటి మెడ మీద గాజులా తిరుగుతోంది. డబ్బా దవడ కింద ఉండాల్సింది, ఒక పక్కకు జారి చెవి కింద వేలాడుతోంది.

"ఇప్పుడు ఇక్కడ" అన్నాడు. నా వేలిని చెవి కింద ఒకచోట పెట్టాడు. తడిగా ఉంది. రెండు చిన్న పుళ్లు, రెండు మొనలకు ఎంత దూరముందో అంతే దూరంలో.

నాకు అప్పుడు అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అది నిలబడినప్పుడు, దూరంగా పోతున్నప్పుడు మొనలు చర్మానికి తగలడంలేదు. నేను నొక్కినవన్నీ గాలిలో పోతున్నాయి. తగలడంలేదని నేను నంబరు పెంచుకుంటూ పోయాను. అది మాట విని నాకేసి పరుగెత్తి వచ్చేటప్పుడు పట్టీ ఎగిరి చెవి కింద తగిలేది. పెంచిన నంబరంతా అప్పుడు దానికి పడేది. రానప్పుడు ఏమీ లేదు, వచ్చినప్పుడు నిప్పు. నేను దానికి పిలిస్తే రాకూడదని నేర్పాను. వారాలతరబడి, బండిలో కూర్చుని, ఓపిగ్గా నేర్పాను.

మందం గ్లౌజుల్లో వేలికి ఏ బిగువూ తెలియదు. ఆ సంగతి నాకు తెలుసు. ఇంజన్ పనిలో నట్టు బిగువు చూడాలంటే గ్లౌజు తీసేసే మనిషిని నేను. ఇక్కడ తీయలేదు. బకిల్ ఏదో ఒక కన్నంలో పడితే చాలు, అది నన్ను నాకకముందే చెయ్యి వెనక్కి తీసుకునేవాణ్ని.

నా చెయ్యి ఇంకా ముసలాయన చేతిలోనే ఉంది. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. తిట్లకు నా దగ్గర జవాబులు ఎప్పుడూ సిద్ధం. అదే సమయానికి కఫీల్ కళ్లు నలుపుకుంటూ బయటికి వచ్చాడు. "ఏమైంది?" అని అడిగాడు.

"పట్టీ కన్నం సాగిపోయింది" అన్నాడు బాబా కబీర్. "తోలు పనికిమాలినది. లూజయింది. అందుకే తగల్లేదు. కొత్త తోలు వేసి మళ్లీ మొదలుపెడదాం. ఒంటెలవాడికి ఆగమని చెప్పు."

"సవ్వాగ్ చూసుకోలేదా?"

"వాడు డ్రైవరు. తోలు సంగతి వాడికెలా తెలుస్తుంది?"

నా ఇఖామా వాదనే ఆయన నా తరఫున వాదించాడు. ఇన్నేళ్లలో ఆ వాదన నెగ్గడం అదే మొదటిసారి. తల ఎత్తలేకపోయాను. ఆయన నన్ను కాపాడాడా, తోలు కూడా తెలియనివాడని ఒక మాట అన్నాడా అని ఆ క్షణంలో కూడా నా బుర్ర లెక్క చూసుకుంటూనే ఉంది. అది తలచుకుంటే ఇంకా సిగ్గుగా ఉంటుంది.

కఫీల్ గడువు పెంచాడు, ఎక్కువ కాదు. పుళ్లు మానేదాకా పట్టీ కట్టలేదు. ఆ తరువాత బాబా కబీర్ చెప్పినట్టు చేశాం. పట్టీ దవడ కిందికి ఎత్తి కట్టాలి, మొనలు రెండూ చర్మానికి ఆనాలి, కుక్క నిలబడి ఉండగానే చూడాలి, ఒక వేలు మాత్రం బలవంతంగా దూరాలి. అన్నిటికంటే చిన్న నంబరు పెట్టి, చెవి కదిలితే అక్కడే ఆగిపోవాలి. అంతకుమించి ఒక్క అంకె కూడా పెంచకూడదు. మొదట పొడుగాటి తాడు కట్టి, పిలిచి, తాడు లాగుతూ అదురు బటన్, రాగానే ఒక ముక్క మాంసం.

ఇవన్నీ చేయాల్సింది నేనే. కానీ నేను దగ్గరికి పోతే అది పొట్ట నేలకు ఆనించి వెనక్కి పాకేది. ఉత్త చేతులు చాపినా అంతే. వంటావిడ దాని తల పట్టుకుంటే తప్ప పట్టీ కట్టలేకపోయాను.

"మీరు అటు తిరగండన్నయ్యా. మీ మొహం చూత్తే దానికి వణుకొత్తంది."

"అటు తిరిగితే ఎట్ల కట్టేది?"

"నేను కడతాను. ఎక్కడ ఆనాలో చెప్పండి చాలు."

చివరికి అలాగే అయింది. నేను గోడవైపు తిరిగి చెప్పడం, ఆవిడ కట్టడం. ఒకరోజు కట్టి లేస్తూ అంది. "పోన్లెండి. కుక్కలకి ఎక్కువ కాలం గుర్తుండదంటారు. మీలాగా కాదు గదా." నవ్వుతూనే అంది. నేను కూడా నవ్వడానికి ప్రయత్నించాను.

కుక్కకు గుర్తుంది. తాడుమీద అందరికీ తిరిగింది, కఫీల్ పిలిస్తే వచ్చింది, ముసలాయన నాలుక చప్పరిస్తే చాలు వచ్చింది. నేను పిలిస్తే నిలబడిపోయేది. బండి స్టీరింగు దగ్గర నేను కూర్చుని ఉంటే బండి చుట్టుపక్కలకు వచ్చేది కాదు. కఫీల్ ఇది గమనించాడు. ఒకరోజు నన్ను పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"నిజం చెప్పు. కొట్టావా దాన్ని?"

"వల్లాహి, ఒక్కసారి కూడా చెయ్యి వేయలేదు" అని అల్లా మీద ఒట్టు వేశాను.

నిజమే చెప్పాను. నా మీద వచ్చిన నింద పూర్తిగా అబద్ధం. ఇంకెప్పుడైనా అయితే ఆ నిందను పట్టుకుని ఏడాదిపాటు ఊరంతా చెప్పుకునేవాణ్ని. ఆ రోజు మాత్రం, చెయ్యి వేయకపోవడమే నేను చేసిన పని అని ఎలా చెప్పాలో తెలియక నేల చూశాను. కఫీల్ నా ముఖం చూసి నేను కొట్టాననే అనుకున్నాడు. ఇప్పటికీ అనుకుంటున్నాడేమో. ఆ తప్పుడు అభిప్రాయాన్ని నేను దిద్దలేదు. అసలు సంగతి కంటే అదే కాస్త మర్యాదగా అనిపించింది.

ఆఖరి పరీక్ష వేట కాలం మొదలైన వారంలో. కఫీల్ మాట ఖాయం. ఈ రోజు రోడ్డు దగ్గర తిరిగితే ఉంటుంది, తిరగకపోతే రేపు పోతుంది. హైవేకు బాగా ఇవతల ఒక పాత నీళ్ల పీపా పడి ఉంది. అది హద్దు అన్నాడు. పీపా దాటకముందే అది వెనక్కి తిరగాలి. రిమోటు ఎవరి దగ్గర ఉండాలి అని ప్రశ్న వచ్చింది. బాబా కబీర్ చెయ్యి చాపాడు. "నాకివ్వు. నా చేత్తో పోతే పోనీ."

"నీకు అంత దూరం కనబడదు కదా నాన్నా."

"వీడికి కనబడుతుంది" అని ఆయన నా భుజం తట్టాడు. "వీడు చెప్తాడు, నేను నొక్కుతాను."

నేను స్టీరింగు దగ్గర, ఆయన నా పక్క సీట్లో. కఫీల్ వెనక నిలబడి గొలుసు విప్పాడు. పొదల్లోంచి కుందేలు లేచింది. సలూకి ఎలా కదిలిందో చూడలేదు. గొలుసు కింద పడేసరికి అది ఎక్కడో ఉంది. కుందేలు తిన్నగా తారు రోడ్డు వైపు. అవతల ట్రైలర్లు వరసగా పోతున్నాయి.

"ఎక్కడుంది?" అన్నాడు ముసలాయన. ఆయన బొటనవేలు రిమోటు బటన్‌ను తడిమి దానిమీద ఆగింది.

"దూరం. ఇంకా పీపాకు ఇవతలే."

"ముందే చెప్పకు. ఆలస్యం చెయ్యకు."

ఆయన కళ్లు నా వైపే ఉన్నాయి, ఎడారి వైపు కాదు. చూసినా లాభం లేదని ఆయనకు తెలుసు. నేను తప్పు చెప్తే ఆయనకు తెలిసే దారి లేదు. ఇంత నమ్మకం నాకు ఎవరూ ఇవ్వలేదు. ఇచ్చిన మనిషి ఆయన. ఆ చెయ్యి కడుగుడు లెక్క ఆ క్షణంలో కూడా నా చెవుల్లో ఉంది. కావాలని తెచ్చుకోలేదు, అది అక్కడే ఉంటుంది.

"ఇప్పుడు పిలువు" అన్నాను. కఫీల్ వెనకనుంచి కేక వేశాడు. అది తిరగలేదు.

"అల్‌హీన్!" అని అరిచాను. ఇప్పుడు అని.

ఆయన నొక్కాడు, చిన్న నంబరే. అంత దూరంలో దాని తల ఒక్కసారి పక్కకు తిరిగింది. కుందేలు పీపా దాటి పోయింది. సలూకి ఇసుకలో పెద్ద విల్లులా వంగి, వేగం తగ్గించుకుంటూ మా వైపు తిరిగింది.

"తిరిగిందా?"

"తిరిగింది బాబా కబీర్. వస్తోంది."

ఆయన రిమోటును ఒళ్లో పడేసి రెండు చేతులతో ముఖం మూసుకున్నాడు. వెనకనుంచి కఫీల్ బండి టాపు మీద దబదబ కొట్టాడు. "ఇక ఎక్కడికీ పోదు! ఇంట్లోనే ఉంటుంది!"

అది వస్తూ వస్తూ, బండికి కొంత దూరంలో ఆగిపోయింది. నాలుక వేలాడుతోంది, పక్కలు ఎగసిపడుతున్నాయి. ముసలాయన నాలుక చప్పరించాడు. తోక ఊపింది, కదల్లేదు. అద్దం దించి ఉంది, దానికి నేను కనబడుతున్నాను. పిలిస్తే మాట విని ఇంత దూరం వచ్చిన దాన్ని అలా ఎండలో నిలబెట్టకూడదు. వచ్చినందుకు మెచ్చుకోలు వెంటనే అందాలి, లేకపోతే నేర్పినదంతా పాడవుతుంది. నేను తలుపు తీసి దిగాను. ఎవరూ దిగమనలేదు. వాళ్ల వైపు చూడకుండా ఎడారిలోకి నడిచాను. కొంత దూరం పోయాక వెనక తలుపు చప్పుడు, ముసలాయన ముద్దుమాటలు, కుక్క గొంతులో చిన్న కూత వినబడ్డాయి. ఇంకా కాసేపు నడిచాను. ఎక్కడ ఆగాలో తెలియలేదు.

తిరిగి వచ్చేసరికి స్టీరింగు దగ్గర కఫీల్ కూర్చుని ఉన్నాడు. వెనక సీట్లో బాబా కబీర్, ఆయన కోటులో తల దూర్చి సలూకి.

"ఎక్కు సవ్వాగ్" అన్నాడు కఫీల్ నవ్వుతూ. "ఈరోజు నీకు నేను డ్రైవరు."

ఇన్నేళ్లలో స్టీరింగు పక్క సీట్లో నేను ఎప్పుడూ కూర్చోలేదు. బెల్టు ఏ పక్కనుంచి లాగాలో కూడా వెతుక్కున్నాను. కఫీల్ బండి నడుపుతుంటే కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముడుచుకున్నాను. లేని బ్రేకును రెండుసార్లు తొక్కాను.

హైవే మీద చెక్‌పోస్టు దగ్గర పోలీసు ఆపాడు. కుర్రవాడు. కఫీల్ కార్డు చూశాడు, నా ఇఖామా చూశాడు. మళ్లీ నన్ను చూశాడు.

"ఇతనెవరు?"

"మా డ్రైవరు."

"డ్రైవరు ఇక్కడ, నువ్వు అక్కడా?" పోలీసుకు నవ్వు వచ్చింది. "ప్రపంచం తిరగబడిందా?"

కఫీల్ కూడా నవ్వబోయాడు. ఇంతలో వెనకనుంచి ముసలాయన అందుకున్నాడు. "వాడికి చెయ్యి బాగాలేదు. బెణికింది."

పోలీసు నవ్వు ఆపేశాడు. కిటికీలోంచి కాస్త వంగి, నిజంగానే జాలిపడుతూ నాతో, "సలామతక్" అన్నాడు. త్వరగా నయం కావాలని చెప్పే మాట అది.

నా చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి. వాటిలో ఏది బెణికిందో ముసలాయన చెప్పలేదు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, "అల్లా యిసల్లిమక్" అన్నాను.